పొగ వాసన వేసిన సీసా

రెండు రకాల స్కాచి విస్కీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే నేను చెప్పగలను. ఒకటి బ్లెండు. ఎన్నో బట్టీల సరుకు కలిపి, ఏ యేడు కొన్నా ఏ సీసా విప్పినా ఒకే రుచి వచ్చేట్టు చేసినది. రెండోది సింగిల్ మాల్టు. ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే కాచినది. గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాగా ఉన్నప్పుడు ఈ సంగతులు నేర్చుకున్నాను. కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆలస్యం నా మెడకు చుట్టుకోలేదు. ఒక బట్లరు మెడకు చుట్టుకుంది.

ఆ రోజుల్లో ఆ బట్లరును నేను 'అతను' అనేవాణ్ణి, ఎదురుగా 'నువ్వు' అనేవాణ్ణి. ఆయన వయసు మా నాన్న వయసు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. దీనివల్ల ఆయనకు ఒరిగేది ఏమీ లేదని తెలుసు.

యాభైల చివర, అరవైల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో మద్యనిషేధం ఉండేది. తాగేవాళ్ళు తాగడం మానలేదు. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లో దొంగచాటుగా కాచిన సారా, సోడాలో పోసుకునే అల్లం టింక్చరు, వడ్రంగులు బల్లలకు పూసే పాలిషు వడగట్టిన నీళ్ళు, ఇవీ వాళ్ళకు దిక్కు. డబ్బున్నవాళ్ళకు మాత్రం పర్మిట్టు ఉండేది. తాగకపోతే ఈయన ఆరోగ్యం నిలవదని డాక్టరు రాసిస్తే, నెలకు ఇన్ని సీసాలని సర్కారు ఇచ్చే చీటీ అది. మా యజమాని పెద్దగా తాగేవాడు కాదు. కానీ విదేశాల నించి అభ్రకం కొనే దొరలు వచ్చినప్పుడు బల్ల మీద స్కాచి లేకపోతే మర్యాదగా ఉండదు. అందుకని తాను తాగుబోతునని కాగితం మీద సంతకం పెట్టి పర్మిట్టు తెచ్చుకున్నాడు. దొరల కోసమే మైపాడులో సముద్రానికి ఎదురుగా ఒక బంగళా కట్టించాడు. ఆ బంగళాను చూసుకునేవాడు ఈ బట్లరు.

ఆయన వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఒక తెల్లదొర ఇంట్లో పనిచేశాడు. దొర దేశం వెళ్ళిపోయాక ఊరికి తిరిగొచ్చాడు. ఊరు కొడవలూరు పక్కన ఒక పల్లె. క్రైస్తవుడు. ఆ పల్లెలోని చిన్న ప్రార్థన మందిరంలో సంఘ పెద్ద. చుక్క ముట్టనని బాప్తిస్మమప్పుడే మాట ఇచ్చినవాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ళు ప్రభువు బల్ల అని చేస్తారు. ముక్కలు చేసిన రొట్టె, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం అందరూ పంచుకుంటారు. ఆ రసం పులిసినది కాకూడదు. శనివారం ఎండుద్రాక్షలు నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, ఒక్క పొంగు రానిచ్చి దించుతారు. అది చేసే పని ఏళ్ళ తరబడి ఆయనదే. నెలలో ఆ ఒక్క శనివారం మాత్రం మధ్యాహ్నం బస్సుకు పోవాలని యజమానిని ముందే అడిగి పెట్టుకునేవాడు. ఇంకే సెలవూ అడిగేవాడు కాదు.

ఇక నా సంగతి. మా నాన్న బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం దళారి. గింజ నోట్లో వేసుకుని నమిలి, ఇవి అచ్చమైన మొలగొలుకుల బియ్యమేనా, వేరేవి కలిశాయా అని చెప్పేవాడు. కలపడాన్ని ఆయన తప్పుపట్టేవాడు కాదు. నాలుగు పొలాల బియ్యం కలిపితే ఏ బస్తా విప్పినా అన్నం ఒకేలా ఉంటుంది, కొన్నవాడు నిశ్చింతగా తింటాడు. ఒకే పొలం బియ్యం అట్లా కాదు, ఆ మట్టి వాసన పడితే లొట్టలు వేస్తారు, పడకపోతే పళ్ళెం తోసేస్తారు అనేవాడు. ఆ నాలుక నాకూ వచ్చింది. ఒకసారి మద్రాసు నించి వచ్చిన విస్కీ సీసాలో టీ డికాక్షను కలిసిందని ఒక్క గుక్కకే చెప్పాను. విచారిస్తే నిజమని తేలింది. అప్పటినించి యజమాని నన్ను తన కారులో మైపాడుకు తీసుకుపోయేవాడు. ఆయన నోరు ఎప్పుడూ జర్దాకిళ్ళీతో మొద్దుబారి ఉండేది. సీసా విప్పగానే మొదటి గుక్క నాది. పర్మిట్టు లేకుండా తాగడం నేరమని నాకు తెలుసు. తోటి గుమాస్తాలు నా వంక చూసే చూపు ముందు ఆ నేరం చిన్నదిగా కనబడింది.

ఆ యేడు వానలు తగ్గాక స్కాట్లండు నించి మా సరుకు కొనే దొర ఒక సీసా పంపాడు. వెంట ఉత్తరం. ఇది మీరు తాగే రకం కాదు, మా అమ్మ పుట్టిన దీవిలో కాచిన సింగిల్ మాల్టు, మీ బ్లెండు పక్కన పెట్టి రుచి చూసి ఎలా ఉందో రాయండి అని. సింగిల్ మాల్టు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "మామూలుదానికన్నా ఖరీదైనదయ్యా" అన్నాను యజమానితో.

"అయితే డాక్టర్ని గూడా పిలుద్దాం" అన్నాడాయన.

ఒక శనివారం మధ్యాహ్నం, భోజనానికి ముందు, బంగళా వరండాలో కూర్చున్నాం. యజమాని, ఆయనకు పర్మిట్టు సర్టిఫికెట్టు ఇచ్చిన నెల్లూరు డాక్టరు, నేను. బట్లరు తెల్లకోటు వేసుకుని పళ్ళెంలో రెండు సీసాలు తెచ్చాడు. రెండింటి మూతలూ తీసే ఉన్నాయి. దొర ఇంట్లో ఆయన నేర్చుకున్న పద్ధతి అది. సీలు బల్ల దగ్గర చింపకూడదు, లోపలే విప్పి శుభ్రంగా తుడిచి తేవాలి.

"రావయ్యా నాలుకా, కూర్చో" అన్నాడు డాక్టరు. "ఇయ్యాల నీ నాలుక్కి పెండ్లి."

"ముందు నాకు పొయ్యనీ" అన్నాడు యజమాని. "తాగుబోతునని సంతకం పెట్టింది నేను గదా."

"పొయ్యవయ్యా బట్లరూ తొరగా. ఆయన తాగకపోతే బతకడని రాసిచ్చినా. గుక్క ఆలస్యమైతే నా మీదికొస్తాది."

మొదట బ్లెండు. బెల్లం పాకం రంగు, కాస్త తియ్యగా, గొంతులో గుచ్చుకోకుండా దిగింది. ముగ్గురం తలలూపాం. అందులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, అదే దాని మంచితనం.

తర్వాత రెండోది పోశాడు. రంగు చూసి యజమాని గ్లాసు వెలుతురుకు ఎత్తిపట్టాడు. గడ్డి నానిన నీళ్ళ రంగు. నోట్లో పోసుకుని, మొహం చిట్లించి, వరండా అంచుకు పోయి ఇసుకలో ఉమ్మేశాడు.

"ఏందయ్యా ఇది? పుండుకు పూసే మందు మాదిరుండాది."

డాక్టరు వాసన చూసి నవ్వాడు. "మా ఆస్పత్రి వార్డు కడిగినట్టుండాది. ఇది తాగితే చచ్చేదానికి సర్టిఫికెట్టు రాయాల."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

ఇక్కడ జరిగినది జరిగినట్టు రాయాలి. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టాను. పొగ వాసన, టింక్చరు వాసన, ఉప్పుగాలి. నాలుక మీద వేసుకున్నాను. మొదట చేదుగా తగిలింది. ఆ తర్వాత, అందరూ నా మొహం చూస్తుండగానే, ఆ పొగ వెనక నించి తీపి ఒకటి మెల్లగా వచ్చింది. మింగిన తర్వాత కూడా చాలాసేపు నోట్లో ఉంది. కల్తీ సరుకు అట్లా నిలవదు. నోట్లో పడ్డ చోటే చచ్చిపోతుంది. ఆ సంగతి నా నాలుకకు తెలుసు. ఇది కల్తీ కాదేమో, నాకు తెలియని రకమేమో అని ఒక క్షణం అనిపించింది కూడా. కానీ ఇద్దరు పెద్దమనుషులు అప్పటికే ఉమ్మేశారు. తెలియదని చెప్పే గుమాస్తాను కారులో ఎవరు తీసుకుపోతారు?

"కల్తీ అయ్యా" అన్నాను. వేళ్ళు మడిచి మరీ చెప్పాను. రంగు పలచబడింది, నీళ్ళు కలిశాయి. మందు వాసన వేస్తోంది, నీళ్ళ పలచన తెలియకుండా టింక్చరు పోశారు. అసలు స్కాచికి తిప్పే రేకు మూత ఉంటుంది, దీనికి ఉన్నది బెండు బిరడా, అంటే మూత మార్చారు. సారా దేశంలో పెరిగిన వాళ్ళం, కల్తీ గుర్తులు మాకు కొట్టినపిండి. మూడు గుర్తులూ ఉన్నాయి.

బట్లరు పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"కల్తీ గాదయ్యా. అది అట్టాగే ఉంటాది" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగి, "నీకెట్లా తెలుసు? తాగి చూసినావా?" అన్నాను.

డాక్టరు పెద్దగా నవ్వాడు. ఏం చెప్పినా ఆ ప్రశ్న బట్లరును పట్టుకుంటుంది. తెలుసంటే తాగినట్టు. తెలియదంటే కల్తీ అని ఒప్పుకున్నట్టు. ఆ ప్రశ్న అంత గట్టిదని తెలిసే నేను వేశాను.

"సీలు యాడుండాది?" అన్నాడు యజమాని.

"విప్పి పొయ్యిలో వేసినానయ్యా."

"పొయ్యిలో వేసినావా. బైబిలు సంకన పెట్టుకుని తిరిగేవాడివి. ఇంట్లో చేరినోడివి నన్ను ఒక మాట అడిగితే గుక్కెడు పొయ్యనా? తాగి, నీళ్ళు పోసి, టింక్చరు పోసి, నా ముందర పెడతావా?"

ఆయన వాదించలేదు. తెల్లకోటు విప్పి మడిచి కుర్చీ మీద పెట్టాడు. బీరువా తాళంచెవి దాని మీద పెట్టాడు. "పొమ్మంటే పోతానయ్యా" అన్నాడు. "ఒక్కటే మనవి. ఈ మాట మా సంఘం దాకా పోనియ్యొద్దు. నన్ను బల్లకు రానియ్యరు."

యజమాని చెయ్యి ఊపాడు. ఎవరికీ చెప్పే ఉద్దేశం ఆయనకూ లేదు. కానీ డాక్టరుకు అది మంచి హాస్యకథ అయింది. తాగని బట్లరు దొర సీసాలో టింక్చరు పోసిన కథ. నెల్లూరులో నాలుగు చోట్ల చెప్పాడు. నెల తిరక్కుండా ఆ పల్లెకు చేరింది.

సీసాను యజమాని పారెయ్యలేదు. ఎందుకో బీరువాలో వెనక్కి నెట్టించాడు. స్కాట్లండు దొరకు, రెండూ చాలా బాగున్నాయని ఆయన రాయమన్నట్టే రాశాను. బాగాలేదంటే దొర నొచ్చుకుంటాడని, కల్తీ అయిందంటే మన ఇంటి పరువు పోతుందని. ఒక్క ముక్క నిజం రాసి ఉంటే, మీ సీసాకు పొగ వాసన వేసింది, రంగు పలచన, బెండు బిరడా, ఇది సబబేనా అని ఒక్క వాక్యం అడిగి ఉంటే, నెలలో జవాబు వచ్చేది. ఉత్తరాలు రాయడమే నా ఉద్యోగం.

రెండు నెలల తర్వాత బట్లరు గూడూరు ఆఫీసుకు వచ్చాడు. లోపలికి రాకుండా, మెట్ల కింద ఎండలో నిలబడి నన్ను పిలిపించాడు. బల్ల నించి ఆయన్ను ఆపేశారు. ఎండుద్రాక్షల పని వేరేవాళ్ళకు ఇచ్చారు. పాస్టరు చెడ్డవాడు కాదట. తాగినట్టు సంఘం ముందర ఒప్పుకుని క్షమాపణ అడిగితే మళ్ళీ చేర్చుకుంటానన్నాడట. చెయ్యని పాపం ఎట్లా ఒప్పుకునేదని ఈయన ఒప్పుకోలేదు. ఈయన లేని బల్ల తనకూ వద్దని భార్య కూడా మానేసింది. ఆమెకు కడుపులో గడ్డ. మనిషి నానాటికీ చిక్కిపోతోంది.

"ఒక చీటీ రాసియ్యి బాబూ" అన్నాడు. "నేను తాగలేదని రాయొద్దు, అది నీకు తెలీదు గదా. నేను తాగింది నువ్వు చూళ్ళేదని రాయి. అంత మాత్రం చాలు."

ఎంత న్యాయంగా అడిగాడో నాకు అప్పుడే తెలిసింది. "అయ్యగారిని అడిగి చూస్తాలే" అన్నాను. అడగలేదు. ఆయన అక్కడినించి బస్సు ఎక్కి ఊరికి పోయేసరికి సాయంత్రమై ఉంటుంది.

చలికాలంలో స్కాట్లండు దొర స్వయంగా వచ్చాడు. మైపాడు బంగళాలో కొత్త వంటమనిషి ఉన్నాడు. బ్లెండు తెమ్మని యజమాని బీరువా తెరిపించాడు. దొర అటే చూస్తున్నవాడు వెనక ఉన్న తన సీసాను గుర్తుపట్టి లేచి పోయి తనే తెచ్చుకున్నాడు. దాదాపు నిండుగానే ఉన్నందుకు కాస్త ఆశ్చర్యపోయాడు. గ్లాసులో పోసుకుని వాసన పీల్చి కళ్ళు మూసుకున్నాడు. నా తప్పు నాకు అప్పుడే తెలిసిపోయింది.

దొర మాట్లాడుతూ పోయాడు. దాన్ని యజమానికి తెలుగులో చెప్పవలసింది నేను. మీరు నాలుగు గనుల అభ్రకం కలిపి ఒకే తరగతి చేసి పెట్టెలో సర్దుతారు కదా, బ్లెండు అంతే అన్నాడు. ఇది ఒకే గని సరుకు. బ్లెండు కలిపేవాళ్ళు ఏ సీసా చూసినా ఒకే రంగు ఉండాలని కాల్చిన పంచదార వేస్తారు, దీంట్లో వెయ్యలేదు, పీపా ఇచ్చిన రంగే. మా దీవిలో చెట్లు లేవు, బురద నేల తవ్వి పెళ్ళలు చేసి ఎండబెట్టి మీ పిడకల్లాగా కాలుస్తాం, ఆ పొగలో బార్లీ ఆరుతుంది, ఈ వాసన అదే. మా ఇంట్లో అమ్మ బట్టలకు ఈ వాసన ఉండేది అన్నాడు. బిరడా చేతిలో తిప్పుతూ, మా ఊరివాళ్ళు ఇంకా పాత పద్ధతిలో బెండే పెడతారు అన్నాడు.

రంగు, వాసన, మూత. నేను మడిచిన మూడు వేళ్ళు ఆయన ఒక్కొక్కటే విప్పాడు.

"ఏమంటాడయ్యా?" అన్నాడు యజమాని. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు.

బట్లరు నిర్దోషి అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడైనా తేలేడు. మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ దొర ముందర, నేను వేళ్ళు మడిచి చెప్పినదంతా తప్పని ఒప్పుకోవాలి. నాలుక పేరు పోతుంది, కారు పోతుంది, రేపు ఆఫీసులో నవ్వుతారు.

"వాళ్ళ ఊరి నాటుసరుకంటయ్యా. చిన్నప్పటి నించి అలవాటంట. మనకు పడదంట" అన్నాను.

"అదేలే. ఈ దొరన్నా తాగితే నయమే" అన్నాడు యజమాని. నేను చెప్పినదాన్ని ఆ రోజు కల్తీ మాటతో ఆయన కలిపి ఆలోచించనే లేదు. దొర నవ్వి నాకు కూడా ఒక గ్లాసు పోశాడు. తాగాను. ఈసారి భయం లేదు కనక తీపి తొందరగానే తెలిసింది. దాన్ని మించిన విస్కీ నేను మళ్ళీ ఎప్పుడూ తాగలేదు. ఆ వరండాలో కూర్చుని దాని రుచి నాకు బాగుండటం, నేను చేసినవాటిలో అన్నిటికన్నా నీచమైనదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదని, అన్నం సయించలేదని రాస్తే అబద్ధం. తిన్నాను, పడుకున్నాను. వేసవి గడిచింది. బట్లరు భార్య మంచాన పడిందని, ఎక్కువ రోజులు ఉండదని ఎవరో అంటుంటే విన్నాను. అప్పుడు మాత్రం ఆగలేకపోయాను. యజమానికి అంతా చెప్పేశాను. ఆయన కిళ్ళీ ఉమ్మి వచ్చి, "పోయి ఆ పాస్టరు దగ్గర చెప్పిరా. కారు తీసుకుపో" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడతాడనే ఇన్నాళ్ళూ దాచాను.

కారు వద్దని బస్సులో పోయాను. పాస్టరు ఇంటికన్నా ముందు ఆయన ఇంటికి పోదామనుకున్నాను. పూరిల్లు. అరుగు మీద కూర్చుని రాగులు చెరుగుతున్నాడు. లోపల మంచం మీద ఆమె. నన్ను చూసి లేచి చాప పరిచాడు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక, అంతా ఒక్క ఊపున చెప్పాను. దొర వచ్చిన సంగతి, పొగ సంగతి, బిరడా సంగతి. నేను అబద్ధపు తెలుగు చెప్పిన సంగతి కూడా. "మీరు కల్తీ చెయ్యలేదని పాస్టరు గారి దగ్గర చెప్పడానికి వచ్చినాను" అన్నాను. ఆయన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. ఆయన అది గమనించినట్టు లేదు.

చేట పక్కన పెట్టి, మంచం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"వద్దు బాబూ."

"ఎందుకని?"

"నేను ఒప్పేసుకున్నా."

నాకు అర్థం కాలేదు.

"పోయిన నెల మొదటాదివారం. సంఘం ముందర నిలబడి తాగినానని చెప్పినా. తాగి నీళ్ళు పోసినానని చెప్పినా. టింక్చరు యాడ కొన్నావని ఒకాయన అడిగితే అంగడి పేరు గూడా చెప్పినా." చేటలో ఒక రాయి కనబడితే ఏరి పారేశాడు. "ఆమె అడిగింది బాబూ. పొయ్యేలోపల ఒక్కసారి నీ పక్కన కూసోని బల్ల తీసుకోవాలని. ఇంకేం చేసేది. ఇద్దరు పట్టుకుని మందిరానికి తీసుకొచ్చినారు. ఇద్దరం తీసుకున్నాం."

"ఇప్పుడు నేను నిజం చెబితే..."

"చెబితే ఏమైతాది? తాగినానని దేవుడి బల్ల ముందర అబద్ధం చెప్పి రొట్టె తిన్నానని తేలతాది. తాగింది క్షమించినారు. దీన్ని క్షమించేదానికి వాళ్ళ దగ్గర పద్ధతి లేదు." మళ్ళీ మంచం వైపు చూసి, "ఆమెకు గూడా తెలుస్తాది. నేను నిజంగానే తాగినాననుకుంటా ఉండాది. ఇన్నాళ్ళూ అబద్ధమాడి ఇప్పుడు ఒప్పుకున్నానని సంతోషంగా ఉండాది. అట్నే పోనీ" అన్నాడు.

లోపల మంచం కిర్రుమంది. "ఎవురయ్యా?" అన్న మాట వినబడింది.

"ఆఫీసు బాబు. చూసిపోదామని వచ్చినాడు."

"మజ్జిగియ్యి."

ఆయన లేచి మజ్జిగ తెచ్చాడు. తాగడానికి నాకు కొంచెం సేపు పట్టింది. పోయేముందు, వీధిలోకి వచ్చాక, ఆయనే అడిగాడు. "అది మంచి సరుకేనా బాబూ?"

"మంచిదే."

"నాకు తెలుసు. మద్రాసులో మా దొర అదే తాగేవాడు. గ్లాసులు కడిగి కడిగి ఆ వాసన నా చేతులకు ఉండేది."

ఆ మాట ఆ రోజు వరండాలో ఎందుకు చెప్పలేదని అడగబోయాను. చెప్పనివ్వనిది నేనే కదా. తిరిగి వచ్చి యజమానితో, పాస్టరు లేడని చెప్పాను. మళ్ళీ ఒక అబద్ధం. ఈసారి మాత్రం బట్లరు కోసం.

బట్లరు భార్య క్రిస్మసు పండగకు ముందే పోయింది. ఆ తర్వాత యజమాని ఆయన్ను మళ్ళీ బంగళాకు రమ్మని కబురు పెట్టాడు. రాలేదు. డబ్బు పంపితే తిప్పిపంపాడు. నేను చెయ్యగలిగినది ఒక్కటీ మిగల్లేదు. నిజం చెబితే ఆయనకు హాని, చెప్పకపోతే ఆయన మీద మచ్చ. రెండింటి మధ్య నిలబెట్టినవాణ్ణి నేను, కానీ అక్కడ నిలబడింది ఆయన.

కొన్ని నెలల తర్వాత ఒక మొదటి ఆదివారం మళ్ళీ ఆ పల్లెకు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. ఆయన బల్ల తీసుకోవడం కళ్ళారా చూస్తే కాస్త తేలికపడతానని అనుకుని ఉంటాను. నేను ఆ మతంవాణ్ణి కాదు కనక మందిరం బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. పాట అయింది. రొట్టె అయింది. చిన్న గ్లాసుల పళ్ళెం వరస వెంట వరస వెనక్కి వచ్చింది. ఆయన చివరి వరసలో గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. పళ్ళెం చేతికి వచ్చింది. రెండు చేతులతో జాగ్రత్తగా అందుకుని, ఒక్క గ్లాసూ ముట్టుకోకుండా, పక్కవాడికి అందించాడు. ముందర పాస్టరు అది చూశాడు. చూసి తల వంచుకున్నాడు. తాగిన పాపానికి ఈ ముసలాయన ఇంకా పశ్చాత్తాపపడుతున్నాడని అనుకుని ఉంటాడు. ఊరంతా అట్లాగే అనుకుంటోందని తర్వాత తెలిసింది. బల్ల నించి ఇప్పుడు ఆయన్ను ఎవరూ ఆపలేదు. అబద్ధమాడిన నోటితో తీసుకోకూడదని ఆయనే ఆగిపోయాడు. ఆ సంగతి తెలిసిన మనిషి అక్కడ ఇంకొకడు ఉన్నాడు. వాడు కిటికీ బయట నిలబడి ఉన్నాడు.

అందరూ పోయాక ఆయన బయటికి వచ్చి నన్ను చూశాడు.

"ఇంత ఎండలో ఎందుకొచ్చినావు బాబూ."

కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాడు. నేను పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"వాసన చూసే పన్లేదులే" అన్నాడు. "మంచినీళ్ళే."

ఆ మాటలో కోపం లేదు. నేను నీళ్ళు తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుని, లోపల బెంచీలు సర్దడానికి పోయాడు.